ఆర్‌పీజీ క్యాంపెయిన్‌లో అచీవ్‌మెంట్లు: పెట్టే పద్ధతి, బెడిసికొట్టే చోట్లు

2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 వచ్చినప్పటి నుంచి ఫలానా పని చేసినందుకు గుర్తింపుగా స్క్రీన్ మూల టింగుమని మెరిసే అచీవ్‌మెంట్ గేమర్లకు అలవాటైపోయింది. 2007లో స్టీమ్ దాన్ని అందుకుంది. 2008లో ప్లేస్టేషన్ ట్రోఫీల పేరుతో తెచ్చింది, అదే ఏడాది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కూడా చేర్చుకుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి టేబుల్‌టాప్ ఆర్‌పీజీలు, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర పట్టి డైస్ వేస్తూ కథ సాగించే ఆటలు, నడిపేవాళ్లకు ఆ తర్వాత ఈ ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది? మన క్యాంపెయిన్‌లోనూ (చాలా సెషన్లు సాగే కథలోనూ) పెడితే బాగుంటుంది కదా అని చాలామందికి అనిపించింది. పెట్టొచ్చు, సరిగ్గా పెడితే పండుతుంది కూడా. కాకపోతే వీడియో గేమ్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెచ్చి బల్ల మీద పెడితే నాలుగైదు సెషన్లు తిరక్కుండానే ఆట పక్కదారి పడుతుంది.

కారణం లెక్క పెట్టేవాళ్ల దగ్గరే ఉంది. వీడియో గేమ్‌లో వంద గాబ్లిన్లు చచ్చాయా లేదా అని చూసేది ప్రోగ్రాం. దానికి మొహమాటం లేదు, మతిమరుపు లేదు. బల్ల దగ్గర అచీవ్‌మెంట్ రాసేది, కథ నడిపేది, చివరికి ఇచ్చేది కూడా గేమ్ మాస్టరే (జీఎం). పైగా వీడియో గేమ్‌లో ట్రోఫీ కోసం తెగించి చచ్చినా సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇక్కడ పాత్ర పోతే చాలా సందర్భాల్లో పోయినట్టే. అక్కడ ఒకరి ట్రోఫీ వేట ఇంకొకరికి అడ్డం రాదు. ఇక్కడ నలుగురైదుగురు కలిసి గడిపే మూడు గంటలే అందరికీ ఉన్న మూడు గంటలు.

అందుకే బల్ల దగ్గర ఒక్కో అచీవ్‌మెంట్‌కు ఒక కార్డు రాసిపెడితే, దాని మీది షరతు వట్టి లెక్కగా మిగలదు. "ఇది చేస్తే నాకు నచ్చుతుంది" అని జీఎం నోటితో చెప్పినట్టే ఆటగాళ్లు దాన్ని చదువుకుంటారు. ఈ వ్యాసంలోని సలహాలన్నిటికీ మూలం ఇదే.

బహుమతి ఎటుంటే ఆట అటు

నిజానికి ఆర్‌పీజీల్లో అచీవ్‌మెంట్లు ఎక్స్‌బాక్స్ కంటే ముందు నుంచే ఉన్నాయి, పేరే వేరు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి రూపాల్లో గుహలోంచి బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో ఎక్స్‌పీ (పోగైన కొద్దీ పాత్ర ఎదిగే అనుభవ పాయింటు) వచ్చేది. రాక్షసులను చంపితే వచ్చేది దాంతో పోలిస్తే కొంచెమే. ఆటగాళ్లు లెక్క ఇట్టే పట్టేశారు. ఎదురుపడి కొట్టుకుంటే ప్రాణాలకు ముప్పు, దక్కేది తక్కువ. చప్పుడు చేయకుండా పోయి, మోసగించి, బేరమాడి సంచి నింపుకుని పారిపోతే లాభం. ఆ కాలపు ఆటకు జిత్తులమారి దొంగల రుచి వచ్చిందంటే అందులో ఈ ఒక్క నియమం వాటా తక్కువేం కాదు. తర్వాతి ఎడిషన్లలో ఎక్స్‌పీ ప్రధానంగా చంపిన శత్రువుల మీదికి మారింది, దాంతో ఆటలో యుద్ధాలు పెరిగాయి.

1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే ఆర్‌పీజీ ఇంకో పాఠం చెప్పింది. అందులో ఏ నైపుణ్యం వాడి గెలిస్తే దాని పక్కన టిక్ పడుతుంది. సాహసం ముగిశాక ఆ టిక్‌ల మీద డైస్ వేసి నైపుణ్యాన్ని పెంచుకోవచ్చు. చదివితే చాలా సహజంగా ఉంటుంది. ఆడితే కత్తితో ఒక దెబ్బ తగలగానే దాన్ని వదిలేసి ఈటె, ఈటెతో తగలగానే గొడ్డలి తీసే పాత్రలు తయారయ్యాయి. అన్ని ఆయుధాలు మోసుకు తిరిగే ఈ అలవాటును ఆ ఆట అభిమానులే గోల్ఫ్ బ్యాగ్ అని వెక్కిరించారు. నియమంలో తప్పేం లేదు. "ఒకసారి తగిలితే చాలు" అన్న షరతు ఆటగాడి చేత ఏం చేయిస్తుందో ముందే ఊహించకపోవడం దగ్గరే చిక్కు వచ్చింది.

కొత్త ఆటలు ఈ పాఠాన్ని బాగానే ఒంటబట్టించుకున్నాయి. 2012 నాటి డంజన్ వరల్డ్‌లో సెషన్ చివర బల్లంతటికీ కలిపి మూడు ప్రశ్నలుంటాయి: లోకం గురించి ముఖ్యమైనది ఏమైనా కొత్తగా తెలుసుకున్నామా, చెప్పుకోదగ్గ శత్రువును దాటామా, గుర్తుండిపోయే నిధి చేజిక్కిందా? ప్రతి అవునుకూ అందరికీ ఒక్కో ఎక్స్‌పీ. రెండు డైస్ వేసి మొత్తం ఆరు లేదా అంతకు తక్కువ తెచ్చుకున్నవాళ్లకు, అంటే ఓడినవాళ్లకు, అక్కడికక్కడే ఇంకో ఎక్స్‌పీ. 2020లో వచ్చిన హార్ట్ అనే ఆటలో ఆటగాడే తన పాత్రకు జరగాలనుకునే ఘట్టాలు రెండు ఎంచుకుని జీఎంకు ముందే చెబుతాడు, అవి జరిగినప్పుడు పాత్ర ఎదుగుతుంది. అక్కడ అచీవ్‌మెంట్ జీఎం పెట్టే పరీక్ష స్థానం నుంచి ఆటగాడు ఇచ్చే ఆర్డర్ స్థానానికి మారింది. ఇంట్లో సొంతంగా కార్డులు రాసుకునేవాళ్లు ముందుగా దొంగిలించాల్సింది ఇదే.

ముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా

1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్‌లోని ఒక నర్సరీ స్కూల్లో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లలను తీసుకుని మూడు జట్లు చేశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని మొదటి జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు ఏమీ చెప్పకుండా గీశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత గమనిస్తే, ముందే మాట తీసుకున్న పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మల జోలికి వెళ్లడం మిగతా రెండు జట్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. అనుకోకుండా అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు.

నర్సరీ పిల్లలకూ శనివారం రాత్రి డైస్ పట్టుకు కూర్చునే పెద్దలకూ తేడా ఉంది, నిజమే. కానీ పోలిక వర్తించే చోటు ఒకటుంది. పాత్రలో మునిగి మాట్లాడటం, ప్రమాదమని తెలిసీ తలుపు తీయడం, తోటి పాత్ర కోసం దెబ్బ కాయడం వంటివి ఆటగాళ్లు ఇష్టంతో ఉట్టిగానే చేసే పనులు. వాటికి ముందే రేటు కడితే కూలి పనిలా తోస్తాయి. కాబట్టి నాటకీయతకు, త్యాగానికి, పాత్ర స్వభావానికి సంబంధించిన అచీవ్‌మెంట్లను ముందు చెప్పకూడదు. జరిగాక గుర్తించి ఇవ్వాలి. ఆటగాళ్లు తమంతట తాము చేయడం మరిచిపోయేవాటిని మాత్రం ముందే బాహాటంగా చెప్పాలి: పటం గీయడం, ఊరివాళ్ల పేర్లు రాసుకోవడం, పోయిన సెషన్ కథ రెండు నిమిషాల్లో గుర్తుచేయడం, కొట్లాట కాకుండా ఇంకో దారి ప్రయత్నించడం.

ఇరవై సెషన్ల క్యాంపెయిన్‌కు, నలుగురైదుగురు ఆటగాళ్లకు, 24 కార్డులు సరిపోతాయి. అందులో బాహాటంగా పెట్టేవి 6. జీఎం దగ్గర దాచుకునేవి 8. మిగతా 10 ఖాళీ కార్డులు, ఆట నడుస్తుండగా అక్కడికక్కడ పేరు పెట్టి రాసి ఇవ్వడానికి. మొదటిసారి నడిపేవాళ్లు ఈ నిష్పత్తిని తలకిందులు చేస్తారు. ఇరవై షరతులు ముందే రాసేసి, నాలుగు ఖాళీ ఉంచుకుంటారు. అయిదో సెషన్‌కి కథ తాము ఊహించని ఊరికి పోతుంది, రాసిన కార్డుల్లో సగం పనికిరాకుండా పోతాయి. వాటిని వాడుకోవాలన్న ఆశతో జీఎం కథను వెనక్కి లాగుతారు. ఆటగాళ్లు తప్పుదారి పట్టడం కంటే ఇది పెద్ద చెరుపు.

అచ్చయిన ఒక కథ మీద కార్డులు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ స్టార్టర్ సెట్‌లో 2014లో వచ్చిన లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ చాలామంది మొదటి క్యాంపెయిన్. ఒకటో లెవెల్ నుంచి అయిదో లెవెల్ దాకా సాగుతుంది. కార్డులు ఎలా రాయాలో, ఎలా రాయకూడదో చూడటానికి ఇంతకంటే మంచి బల్ల దొరకదు. (ఇంకా ఆడనివాళ్లు ఈ భాగం దాటి చదవడం మంచిది, కథ బయటపడుతుంది.)

మొదటి గుహలో మూడు తోడేళ్లు గొలుసులతో కట్టేసి ఉంటాయి. తిండి వేసి మచ్చిక చేసుకునే అవకాశం కథలోనే ఉంది, కానీ కొత్త ఆటగాళ్లు ఎక్కువగా విల్లు తీస్తారు. ఇక్కడ "తోడేళ్లను చంపకుండా దాటండి" అని బాహాటంగా రాస్తే రహస్యం చెప్పేసినట్టే. "ఒక జంతువుతో కత్తి దూయకుండా వ్యవహారం చక్కబెట్టిన మొదటివారికి" అని క్యాంపెయిన్ మొత్తానికి వర్తించేలా రాస్తే తోడేళ్ల జాడ బయటపడదు, ఆలోచన మాత్రం అటు మళ్లుతుంది. పేరు పచ్చిగడ్డి అనుకోండి, ఇంకేదైనా అనుకోండి. షరతులో స్థలం పేరు, శత్రువు పేరు రాకపోవడం ముఖ్యం.

అదే గుహలో యీమిక్ అనే గాబ్లిన్ ఉప నాయకుడు ఒక బందీని అడ్డం పెట్టుకుని బేరం పెడతాడు: మా నాయకుడు క్లార్గ్‌ను చంపి తల తెచ్చివ్వండి. ఆటగాళ్లు ఈ ముఠా తగువును వాడుకుని తమ పని తేల్చుకుంటే దానికి తెలుగులో సిద్ధంగా పేరుంది: "గంధర్వులే తీర్చారు". ఇది దాచుకోవాల్సిన కార్డు. జరిగితే సెషన్ చివర తీసి చదవాలి. ముందే చెబితే యీమిక్ నోరు తెరవగానే అందరూ ఒప్పేసుకుంటారు, అక్కడున్న నైతిక ఇరకాటం ఆవిరైపోతుంది.

ఇక రాయకూడని కార్డు. థండర్‌ట్రీ అనే పాడుబడ్డ ఊళ్లో వెనమ్‌ఫాంగ్ అనే పడుచు ఆకుపచ్చ డ్రాగన్ ఉంటుంది. పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల జట్టు, అప్పటికి మూడో లెవెల్ దగ్గర ఉంటుంది. డ్రాగన్‌కు 136 హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే ప్రాణబలం). దాని విషపు ఊపిరి దెబ్బ 12డీ6, అంటే ఆరు ముఖాల డైస్ పన్నెండు, సగటున 42. మూడో లెవెల్ విజర్డ్‌కు (మాంత్రికుడికి) హిట్ పాయింట్లు 17 నుంచి 20. సేవ్ (దెబ్బ తగ్గించుకోవడానికి వేసే డైస్) నెగ్గినా సగం దెబ్బ 21, పడిపోతాడు. సేవ్ పోతే 42లో 20 పోగా మిగిలిన 22 అతని గరిష్ఠ హిట్ పాయింట్లను మించుతుంది, నియమం ప్రకారం అక్కడికక్కడే మరణం. సాహసం రాసినవాళ్లకు ఇది తెలుసు. అందుకే సగం హిట్ పాయింట్లు పోయాక డ్రాగన్ ఎగిరిపోతుందని అందులోనే పెట్టారు, దాన్ని తరిమితే చాలన్న దారి వదిలారు. ఇప్పుడు జీఎం మొదటి రోజే "డ్రాగన్‌ను చంపినవారు" అని ఒక కార్డు బల్ల మీద పెట్టారనుకోండి. వీడియో గేమ్‌లో అలాంటి ట్రోఫీ చూస్తే పది సార్లు చచ్చి పదకొండోసారి గెలుస్తారు. ఇక్కడ ఆటగాళ్లు ఆ కార్డు చూసి, "జీఎం పెట్టారంటే మనవల్ల అవుతుందనేగా" అనుకుని పారిపోయే డ్రాగన్ వెంట పడతారు. మొత్తం పార్టీ పోతుంది, నింద డైస్ మీదికి వెళుతుంది. అదే కార్డును "మనకంటే బలవంతుడైన శత్రువు ముందు నిలబడి, అందరూ ప్రాణాలతో బయటపడితే" అని మార్చండి. చంపినా వస్తుంది, తరిమినా వస్తుంది, మాట కలిపి బయటపడ్డా వస్తుంది, పారిపోయినా వస్తుంది. పేరు కూడా సిద్ధమే: "చావు తప్పి కన్ను లొట్టపోయి".

పేరు విషయంలో తెలుగు బల్లలకు ఉన్న సౌలభ్యం తక్కువది కాదు. పచ్చి అబద్ధం చెప్పి కాపలావాణ్ని నమ్మించినవాళ్లకు "అతికినట్టుంది". గంటసేపు గది వెతికి ఒక్క రాగి నాణెం తెచ్చినవాళ్లకు "కొండను తవ్వి". మోసగాణ్నే మోసగిస్తే "తాడిని తన్నేవాడి తల". ఇద్దరు శత్రువుల మధ్య ఇరుక్కుని బతికితే "అడకత్తెరలో పోకచెక్క". ఒక్కోసారి ఆటగాళ్లు బహుమతిని వాడటం మరిచిపోతారు గానీ పేరును మరిచిపోరు.

షరతులో ఉండాల్సింది

కార్డు మీద నాలుగే ఉండాలి: పేరు, ఒకే వాక్యంలో షరతు, ఒక్కరికా అందరికా అన్న మాట, బహుమతి. ఆ వాక్యంలో బల్ల దగ్గర కూర్చున్న ఎవరైనా చూసి అవును కాదు అని చెప్పగలిగే పని ఒకటి ఉండాలి. "పాత్రను బాగా పోషించినవారికి" అన్నది షరతు కాదు, జీఎం ఇష్టం. "తన పాత్ర బలహీనత వల్ల పార్టీకి నష్టం జరుగుతుందని తెలిసీ దాన్ని అనుసరిస్తే" అన్నది షరతు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. నష్టానికి బహుమతి పెడితే తాగుబోతు పాత్ర ప్రతి సెషన్‌లోనూ సత్రం తగలబెడతాడు. అందుకే "క్యాంపెయిన్‌లో ఒక్కసారే" అన్న ముక్క దాదాపు ప్రతి కార్డుకూ ఉండాలి.

సంఖ్యలున్న షరతులు, అంటే యాభై మందిని చంపడం, వంద తలుపులు తెరవడం లాంటివి, బల్ల దగ్గర పనికిరావు. మొదటి కష్టం లెక్క రాసేవాళ్లు ఉండరు. అంతకంటే పెద్దది ఆఖరి దెబ్బ తగాదా. చంపినవాళ్లకే లెక్క అంటే, రెండు హిట్ పాయింట్లు మిగిలిన శత్రువు మీదికి అందరూ ఎగబడతారు. గాయపడిన తోటివాడికి మందు వేయాల్సిన క్లెరిక్ గద తీస్తుంది. ఆన్‌లైన్ గేముల్లో కిల్ దొంగిలించడం అని తిట్టుకునేది ఇదే. సంఖ్య తప్పదనుకుంటే అయిదు దాటనివ్వకండి, బల్లంతటికీ ఉమ్మడిగా లెక్కించండి.

డైస్ మీద ఆధారపడేవాటి లెక్క

డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద వరసగా మూడు ఇరవైలు పడితే ఒక అచీవ్‌మెంట్ అని సరదాగా రాసేవాళ్లు సంభావ్యత చూసుకోరు. ఒక సెషన్‌లో ఒక్కో ఆటగాడు సుమారు 15 సార్లు డీ20 వేస్తాడనుకుంటే, అతనికి కనీసం ఒక్క ఇరవై పడే అవకాశం 54 శాతం. అయిదుగురూ కలిసి 75 సార్లు వేస్తే బల్ల మీద కనీసం ఒక్క ఇరవై కనిపించే అవకాశం 98 శాతం. కాబట్టి మామూలు ఇరవైకి కార్డు పెడితే ఆ కార్డు మొదటి సెషన్‌లోనే పోతుంది. దానికి విలువ ఉండదు. మరోవైపు ఎంచుకున్న మూడు రోల్స్‌లో మూడూ ఇరవై కావడం 8,000లో ఒకటి. క్యాంపెయిన్ అంతా కలిపి 1,500 రోల్స్ వేసినా అది కనిపించకుండా పోయే అవకాశమే చాలా ఎక్కువ.

మధ్యలో చక్కగా కుదిరేది అడ్వాంటేజ్‌తో (రెండు డీ20లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలుతో) వేసిన రెండు డైస్ మీదా ఇరవై పడటం. ఒక్కసారికి 400లో ఒకటి. బల్లంతా కలిపి సెషన్‌కు పది అడ్వాంటేజ్ రోల్స్ చొప్పున ఇరవై సెషన్లకు 200 అనుకుంటే, క్యాంపెయిన్‌లో ఎప్పుడో ఒకప్పుడు జరిగే అవకాశం 39 శాతం. జరిగితే పండగ, జరగకపోతే ఎవరికీ లోటు తెలియదు. అదృష్టపు కార్డులు 24లో రెండు దాటకూడదు. డైస్ ఇప్పటికే అదృష్టవంతుణ్ని గెలిపించింది, మళ్లీ బహుమతి దేనికి? ఆ రెండింట్లో ఒకటి దురదృష్టానికి ఇవ్వడం మేలు. ఒకే పోరాటంలో డీ20 మీద 1 అంకెను రెండుసార్లు తెచ్చుకున్నవాళ్లకు ఓదార్పుగా ఏదైనా ఇస్తే ఆ రాత్రి వాళ్ల ముఖం మారుతుంది. ఓడితే ఎక్స్‌పీ ఇచ్చే డంజన్ వరల్డ్ నియమం వెనకున్న తెలివి కూడా ఇదే.

బహుమతి ఎంత ఉండాలి

చాలా క్యాంపెయిన్లు ఇక్కడే చెడతాయి. "శాశ్వతంగా +1" అన్న బహుమతి చూడటానికి చిన్నది. డీ20 మీద +1 అంటే 5 శాతం. ఒక ఆటగాడు సెషన్‌కు 15 రోల్స్ చొప్పున ఇరవై సెషన్లలో 300 రోల్స్ వేస్తాడు. అన్నిటికీ ఆ +1 వర్తిస్తే సుమారు 15 ఓటములు గెలుపులవుతాయి. దీన్ని ఒక్కసారికి పనికొచ్చే రీరోల్ (డైస్ మళ్లీ వేసుకునే) కార్డుతో పోల్చి చూడండి. 60 శాతం గెలిచే అవకాశమున్న పనిలో ఓడాక ఒక రీరోల్ వాడితే ఆ ఓటమి గెలుపయ్యే అవకాశం 60 శాతమే, అంటే 0.6 గెలుపు. పదిహేనును 0.6తో భాగిస్తే 25. ఒక్క శాశ్వత +1 పాతిక రీరోల్ కార్డుల పెట్టు. దాడులకు మాత్రమే అని కుదించినా డజను దాటుతుంది. అయిదో ఎడిషన్‌లో శత్రువుల ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె) లెవెల్‌తో పాటు పెద్దగా పెరగదు, కాబట్టి రెండు మూడు +1లు పోగేసిన పాత్ర ముందు మిగతావాళ్లు తేలిపోతారు.

ఆ ఎడిషన్ ఆడేవాళ్లకు కొత్త బహుమతి కనిపెట్టాల్సిన అవసరమే లేదు. ఇన్‌స్పిరేషన్ ఉంది. 2014 నియమాల్లో అది రోల్‌కు ముందు అడ్వాంటేజ్ ఇస్తుంది, ఒకరి దగ్గర ఒకటి మించి ఉండదు. 2024లో సవరించిన నియమాల్లో హీరోయిక్ ఇన్‌స్పిరేషన్ అయింది: డైస్ వేసి చూశాక మళ్లీ వేసుకోవచ్చు. రెండోదే మెరుగు, ఎందుకంటే ఎలాగూ గెలిచేచోట వృథా కాదు. ఇన్‌స్పిరేషన్ ఇవ్వడం మరిచిపోవడం జీఎంల పాత జబ్బు. అచీవ్‌మెంట్ కార్డు చేతికిస్తే అదే గుర్తుచేస్తుంది, వాడాక కార్డు మూల కత్తిరిస్తే లెక్క కూడా తెగిపోతుంది. పేరు మాత్రం ఆటగాడి దగ్గరే మిగులుతుంది.

డైస్‌కు సంబంధం లేని బహుమతులే ఎక్కువ కాలం గుర్తుంటాయి. పాత్రకు ఊరి జనం పెట్టిన బిరుదు. సత్రంలో శాశ్వతంగా ఉచిత మంచం. కథలో ఒక చిన్న వాస్తవాన్ని ఆటగాడే నిర్ణయించే హక్కు: "ఈ రేవులో నా పినతండ్రి ఉన్నాడు" అంటే ఉన్నట్టే. ఈ మూడో రకం కొత్త జీఎంలను భయపెడుతుంది. కానీ ఒక్కో సెషన్‌కు ఒకటి మించకపోతే కథకు చేటు చేయదు, పైగా జీఎంకు తయారీ భారం తగ్గిస్తుంది. 24లో సుమారు పన్నెండు ఇలాంటి బిరుదులు, గుర్తింపులు. ఎనిమిది రీరోల్ లేదా ఇన్‌స్పిరేషన్. నాలుగు కథా హక్కులు. శాశ్వత సంఖ్య ఒక్కటీ వద్దు. ఎక్స్‌పీ కూడా వద్దు. ఒకరు నాలుగో లెవెల్, పక్కవాళ్లు మూడో లెవెల్ అయితే ఆ అంతరం పూడ్చడానికి జీఎం పడే పాట్లు కార్డులు తెచ్చిన సరదాను మింగేస్తాయి.

బెడిసికొట్టే చోట్లు

మాటకారి ఆటగాడు ఒకడు ఉంటాడు. వాడికి నాలుగు సెషన్లలో అయిదు కార్డులు, మూల కూర్చునే నెమ్మదస్తురాలికి సున్నా. ఇది దాదాపు ఖాయం, ఎందుకంటే అక్కడికక్కడ ఇచ్చే కార్డులు వినిపించే గొంతుకే పోతాయి. మందు ఒక్కటే: జీఎం ముందు పెట్టుకునే తెర వెనక ఒక గడుల కాగితం, ఎవరికి ఎన్ని వచ్చాయో. నాలుగో సెషన్ అయ్యేసరికి సున్నా ఉన్నవాళ్లు ఉంటే తప్పు వాళ్లది కాదు, చూసే కన్నుది. తర్వాతి సెషన్‌లో ప్రత్యేకంగా వాళ్ల పనుల మీదే దృష్టి పెట్టాలి. ముందే ఉచ్చు కనిపెట్టడం, తోటివాడి మందుల సంచి గుర్తుంచుకోవడం, సరైన ప్రశ్న ఒక్కటి అడగడం వంటివి. జాలిపడి ఇస్తున్నట్టు ఉండకూడదు. అందరికీ తెలిసిపోతుంది.

వెక్కిరింపు కార్డులు ఇంకో గుంట. "ఎద్దు ఈనిందంటే" అని అబద్ధం నమ్మినవాళ్లకు ఇస్తే బల్ల నవ్వుతుంది, కానీ ఎవరి ఖర్చుతో? పాత్ర మీద నవ్వితే ఫర్వాలేదు. ఆటగాడికి నియమాలు తెలియకపోవడం మీద నవ్వితే వాళ్లు మూడో సెషన్ తర్వాత రారు. తొలి సమావేశంలోనే, పాత్రలు తయారుచేసేటప్పుడే, ఇలాంటివి ఉండాలా అని ఒక్కొక్కరినీ విడిగా అడగడం మంచిది. అందరి ముందు అడిగితే ఎవరూ కాదనరు.

సరదా పేర్లు అన్ని ఆటలకూ నప్పవు. కాల్ ఆఫ్ కతుల్హు లాంటి భయం మీద నడిచే ఆటలో, నేలమాళిగలో ఏదో కదిలిన క్షణాన జీఎం కార్డు తీసి చదివితే అరగంట కట్టిన భయం కూలిపోతుంది. ఆ ఆటలో నైపుణ్యం వాడి గెలిస్తే టిక్ పడే పాత పద్ధతి ఎలాగూ ఉంది, అది చాలు. తప్పదనుకుంటే కార్డులన్నీ కథ మొత్తం ముగిశాక, పాత్రల తర్వాతి జీవితం చెప్పుకునేటప్పుడు ఇవ్వాలి.

ఆటగాళ్ల మధ్య పోటీ పెట్టే "మొదటివారికి" అన్న షరతు జాగ్రత్తగా వాడాలి. రెండు మూడు కార్డుల దాకా ఉత్సాహం పుట్టిస్తుంది, అది దాటితే పార్టీ విడిపోయి ఎవరి దారిన వాళ్లు గదుల్లోకి దూరతారు. ఆ సాయంత్రం జీఎం ఒకేసారి నాలుగు ఆటలు నడపాల్సి వస్తుంది. రాలేకపోయిన సెషన్‌లో బల్లంతటికీ వచ్చిన ఉమ్మడి కార్డు గైర్హాజరైనవాళ్లకూ ఇవ్వాలా అంటే, ఇవ్వాలి. పిల్లవాడికి జ్వరమొచ్చి ఆగిపోయినవాళ్లను శిక్షించి ఎవరు బాగుపడతారు?

బల్ల దగ్గర నడిపే తీరు

ఒక ఏ4 దళసరి కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 105 బై 74 మిల్లీమీటర్లు వస్తుంది, మూడు కాగితాలకు 24 కార్డులు. 250 జీఎస్‌ఎం కాగితం పెన్నుకు, చేతి చెమటకు తట్టుకుంటుంది. అంతకంటే పలచనిది మూడో సెషన్‌కే వాలిపోతుంది. అచ్చు వేయించిన అందమైన కార్డుల కంటే చేత్తో రాసినవే మేలు. అచ్చు వేసినవాటిని వాడకుండా పారేయడానికి మనసొప్పదు, దాంతో కథ కార్డుల వెంట పడుతుంది.

పోరాటం మధ్యలో ఏ కార్డూ ఇవ్వకండి. జీఎం ఒక పదం రాసిపెట్టుకుంటే చాలు. సెషన్ ఆఖరి పది నిమిషాల్లో ఒకటి రెండు కార్డులు, మరీ విశేషమైన రాత్రయితే మూడు, పైకి చదివి ఇవ్వాలి. మూడు దాటితే తర్వాతి వారం ఒకటి తీసుకున్నవాళ్లకు తక్కువైనట్టు తోస్తుంది. ఆ పది నిమిషాల్లో ఆటగాళ్లకూ ఒక ఖాళీ కార్డు ఇచ్చి, ఈ రాత్రి ఇంకెవరి పాత్ర చేసిన ఏ పనికి పేరు పెడతారో రాయమనండి. తమకు తాము రాసుకోకూడదు. రెండు మూడు సెషన్లలో జీఎం ఇచ్చే కార్డుల కంటే వీటి కోసమే ఎక్కువ ఎదురుచూస్తారు, జీఎం కన్నుకు ఆననివి కూడా వీటిలోనే బయటపడతాయి.

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకు కాగితం బదులు ఒక ఉమ్మడి షీట్ సరిపోతుంది: పేరు, ఎవరికి, ఏ సెషన్, వాడారా లేదా. హైదరాబాద్‌లో ఇద్దరు, డల్లాస్‌లో ఇద్దరు, జీఎం మరో ఊళ్లో ఉండే గుంపుల్లో ఎవరికో ఒకరికి అర్ధరాత్రి దాటుతుంది, ఆఖరి పది నిమిషాలకు ఓపిక ఉండదు. అలాంటప్పుడు కార్డులను తర్వాతి సెషన్ మొదట్లో, పోయిన కథ గుర్తుచేసే ఘట్టంలో కలిపేయండి. ఇది నిజానికి ముఖాముఖి బల్లకూ నప్పుతుంది: ఎవరు ఏం చేశారో చెబుతూ కార్డు అందిస్తే కథ గుర్తుచేయడం, గుర్తింపు ఇవ్వడం రెండూ ఒకే దెబ్బకు అయిపోతాయి.

బాహాటంగా పెట్టిన ఆరింటినీ అయిదారు సెషన్లకోసారి మార్చాలి. ఎవరికీ దక్కని కార్డు రెండు విడతలుగా అలాగే ఉంటే షరతు కష్టమైందా, లేక ఎవరికీ అక్కర్లేదా అని సూటిగా అడగండి. అక్కర్లేదంటే తీసేయండి. పటం గీయడమే అందరికీ విసుగైతే కార్డు పెట్టినా గీయరు, పెట్టిన కొద్దీ విసుక్కుంటారు. దాచుకున్న ఎనిమిదిలో క్యాంపెయిన్ ముగిసేసరికి మూడు నాలుగు మిగలడం మామూలే. వాటిని ఆఖరి రోజు చూపించి "ఇవి మీరు పోగొట్టుకున్నవి" అని చదవాలని చేయి దురద పుడుతుంది. చదవొద్దు. షరతులో స్థలం పేరు లేకుండా రాసి ఉంటే అవి వచ్చే క్యాంపెయిన్‌కు అలాగే పనికొస్తాయి.